రేసు గెలిచినోడిది కాదు, కాగితం పట్టుకున్నోడిది

పోస్టు పెద్దది, కొంచెం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

స్కాలర్‌షిప్ లాస్ట్ డేట్లు, నోటిఫికేషన్లు, రిజల్ట్స్ పెట్టుకునే మన గ్రూపులో కారు రేసుల గురించి ఏంట్రా అని కొందరు అన్నలు అనుకోవచ్చు. నిజమే, మా ఊరికి ఆటో రావాలంటేనే వాన వెలవాలి. ఫార్ములా వన్ కారుతో మనకేం పని? కారుతో పని లేదు. ఆ కారు వెనకాల జరిగిన బేరంతో మాత్రం మనకి చాలా పని ఉంది. అందుకే రాస్తున్నాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరం, కామర్స్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని. హాస్టల్లో నా రూమ్‌మేట్ 'డ్రైవ్ టు సర్వైవ్' అనే సిరీస్ ఫోన్లో చూస్తుంటే పక్కన కూర్చుని నేనూ చూశాను. వాళ్లంతా ఏ డ్రైవర్ గొప్ప అని కొట్టుకుంటుంటే నాకు ఒకటే డౌటు. ఇంత డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఎవరు ఎవరికి ఇస్తున్నారు, మధ్యలో ఎవరు కూర్చున్నారు? అది వెతుక్కుంటూ పోతే యాభై ఏళ్ల కథ బయటపడింది.

ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1950 మే 13న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో మొదలైంది. ఆ ఏడాది మొత్తం 7 రేసులే. అప్పట్లో పద్ధతి ఎలా ఉండేదంటే, రేసు పెట్టే క్లబ్బు వేరు, కార్లు తెచ్చే టీములు వేరు. ప్రతి టీము ఓనరు ప్రతి రేసుకి విడిగా వెళ్లి, మా కారు వస్తే ఎంత ఇస్తారు అని బేరమాడుకోవాలి. ఫెరారీ లాంటి పేరున్న టీముకి ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే జనం దాన్ని చూడ్డానికే వస్తారు. చిన్న గ్యారేజీలో కారు తయారు చేసుకున్న ఇంగ్లండ్ టీములకి ఎంతో కొంత చేతిలో పెడతారు. నచ్చితే రా, లేకపోతే మానెయ్. ఎవరికి వారే యమునా తీరే.

ఇది చదివినప్పుడు నాకు మా వారపు సంతే కనిపించింది. మా అమ్మ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంది. పక్కింటి పెద్దమ్మా అదే చింతపండు తెస్తుంది. ఇద్దరూ ఒకే దారిలో నడిచి వస్తారు, మాట్లాడుకుంటూ వస్తారు. సంత మొదట్లో నిలబడ్డ సావుకారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి బేరం వాళ్లదే. ఆవిడ ఈ రేటుకి ఇచ్చేసింది, నీదెందుకు ఎక్కువ అంటాడు. సాయంత్రం అయ్యాక బుట్ట మళ్లీ కొండ ఎక్కించలేరని వాడికి తెలుసు. ఆ ఒక్క సంగతి మీదే వాడి వ్యాపారమంతా నడుస్తుంది.

ఫార్ములా వన్‌లో ఈ పద్ధతిని మార్చిన మనిషి పేరు బెర్నీ ఎక్లెస్టన్. 1930లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో పుట్టాడు. తండ్రి చేపల పడవ నడిపేవాడు. 16 ఏళ్లకే చదువు ఆపి గ్యాస్ ఫ్యాక్టరీలో పనికి చేరాడు. పక్కన మోటార్‌సైకిల్ విడిభాగాలు అమ్మేవాడు, తర్వాత బైకుల షాపు పెట్టాడు. తనూ కొన్నాళ్లు రేసులు నడిపాడు కానీ పెద్దగా కలిసిరాలేదు. డ్రైవర్లకి మేనేజర్‌గా ఉన్నాడు. అందులో స్టువర్ట్ లూయిస్ ఎవాన్స్ 1958లో మొరాకో రేసులో కాలిన గాయాలతో చనిపోయాడు. ఇంకొకతను యోకెన్ రింట్, 1970లో మోన్జాలో చనిపోయి, చనిపోయాక ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత ఎక్లెస్టన్ సుమారు లక్ష పౌండ్లు పెట్టి బ్రాభమ్ టీముని కొన్నాడు. అంటే 1972 నుంచి ఆయన కూడా ఓనరే, బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వచ్చే వాళ్లలో ఒకడు.

మిగతా ఓనర్లకి కారు మీద ప్రేమ. ఇంజను, టైరు, రెక్కలు తప్ప వేరే ధ్యాస లేదు. రేసు నిర్వాహకులతో బేరాలు, విమానంలో కార్లు పంపించడం, హోటళ్లు, ఇదంతా తలనొప్పి వాళ్లకి. ఎక్లెస్టన్ ఆ పని నేను చూసుకుంటా అన్నాడు. 1974లో టీములన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి, దాన్ని ఫోకా అనేవారు. లోటస్ ఓనరు కోలిన్ చాప్‌మన్, కెన్ టిరెల్, ఫ్రాంక్ విలియమ్స్, మాక్స్ మోస్లీ అందులో ఉన్నారు. ఇక రేసు పెట్టేవాళ్లు టీములతో విడిగా మాట్లాడ్డం బంద్. అందరూ వస్తారు, లేకపోతే ఎవరూ రారు. రేటు ఒకటే, మాట్లాడే నోరు ఒకటే.

దీనివల్ల మంచి జరగలేదా అంటే, చాలా జరిగింది. అంతకుముందు ఏ రేసుకి ఎన్ని కార్లు వస్తాయో ఎవరికీ తెలీదు. అలాంటి ఆటని టీవీ వాళ్లు ఎందుకు కొంటారు? అందరూ ప్రతి రేసుకి కచ్చితంగా వస్తారు అన్న గ్యారంటీ వచ్చాకే టీవీ డబ్బు వచ్చింది. 1976లో జేమ్స్ హంట్, నికీ లౌడా పోటీ ఆఖరి రేసుదాకా వెళ్లేసరికి జనానికీ రుచి తగిలింది. ప్రాణాల సంగతి కూడా చెప్పాలి. 1978లో ఎక్లెస్టన్ సిడ్ వాట్కిన్స్ అనే న్యూరోసర్జన్‌ని రేసులకి డాక్టరుగా తెచ్చాడు. అదే ఏడాది మోన్జాలో రోనీ పీటర్సన్ ప్రమాదంలో పడి చనిపోయాడు. సాయం ఆలస్యంగా అందింది. అప్పటినుంచి మొదటి ల్యాప్‌లో కార్ల వెనకాలే డాక్టరు కారు వెళ్లాలి, హెలికాప్టర్ సిద్ధంగా ఉండాలి అని వాట్కిన్స్ పట్టుబట్టాడు. ఒప్పుకోకపోతే రేసు లేదు అని చెప్పగలిగే బలం వెనకాల ఉంది కాబట్టే ఆ మాట చెల్లింది. ఐకమత్యం అని మనం పాఠాల్లో చదివే మాట అక్కడ ఒక అంబులెన్స్ రూపంలో వచ్చింది.

తర్వాత గొడవ మొదలైంది. ఆట రూల్స్ రాసే సంస్థ ఫీసా, దాని అధ్యక్షుడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్ మరీ బలెస్త్. ఫెరారీ, రెనో లాంటి పెద్ద కంపెనీలు ఆయన వైపు. ఇంగ్లండ్ టీములు ఎక్లెస్టన్ వైపు. 1980లో స్పెయిన్ రేసు గొడవల్లో పడి లెక్కలోకి రాకుండా పోయింది. 1981లో దక్షిణాఫ్రికా రేసుదీ అదే గతి. ఆఖరికి 1981 మార్చిలో రాజీ కుదిరి ఒక ఒప్పందం రాసుకున్నారు. పారిస్‌లో సంస్థ ఆఫీసు ఉన్న కాంకోర్డ్ చౌరస్తా పేరు మీద దాన్ని కాంకోర్డ్ అగ్రిమెంట్ అంటారు. రూల్స్ మీద పెత్తనం ఫీసాకి, టీవీ హక్కులు బేరమాడే అధికారం ఫోకాకి. అంటే చేతల్లో ఎక్లెస్టన్‌కి.

ఇక్కడిదాకా చదివితే ఆయన మనకి నాయకుడిలాగే కనిపిస్తాడు. ఇప్పుడు అసలు మలుపు.

1987లో ఎక్లెస్టన్ తన సొంత కంపెనీ ఒకటి పెట్టాడు. టీవీ డబ్బులో 47 శాతం టీములకి, 30 శాతం రూల్స్ సంస్థకి, 23 శాతం ఆయన కంపెనీకి. రేసు పెట్టే ఊళ్లు కట్టే ఫీజులు కూడా ఆ కంపెనీ చేతికే. సంఘం తరఫున మాట్లాడేవాడు మెల్లగా సంఘానికి పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత బ్రాభమ్ టీముని కూడా అమ్మేశాడు. ఇంక ఆయన నెత్తిన బుట్ట లేదు. చేతిలో కాటా ఉంది. సంఘంలో ఆయనకి లీగల్ సలహాలు ఇచ్చిన మాక్స్ మోస్లీ 1991లో బలెస్త్‌ని ఓడించి రూల్స్ సంస్థకే అధ్యక్షుడయ్యాడు.

1997లో కొత్త ఒప్పందం మీద మెక్‌లారెన్, విలియమ్స్, టిరెల్ సంతకం పెట్టం అన్నాయి. మన హక్కులు ఆయనకెప్పుడు పోయాయి అని అప్పటికి గట్టిగా అడిగారు. కానీ అప్పటికే కాగితాలు వేరే చేతుల్లో ఉన్నాయి. 2001లో రూల్స్ సంస్థ ఫార్ములా వన్ వ్యాపార హక్కుల్ని ఎక్లెస్టన్ కుటుంబం పెట్టిన కంపెనీకి లీజుకిచ్చింది. ఎన్నేళ్లకో తెలుసా? 2011 నుంచి మొదలుపెట్టి 100 ఏళ్లకి. డబ్బు 30 కోట్ల డాలర్లకు కొంచెం పైన. వందేళ్ల లీజు అనగానే మన వాళ్లకి ఎందుకు ఒళ్లు జలదరిస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు. సంతకం పెట్టినోడూ ఉండడు, పెట్టించుకున్నోడూ ఉండడు, కాగితం మాత్రం ఉంటుంది.

ఆ కాగితమే చేతులు మారుతూ పోయింది. 2006 నాటికి సీవీసీ అనే పెట్టుబడి సంస్థకి వచ్చింది. ఆ అమ్మకం వ్యవహారంలో ఒక బ్యాంకు అధికారికి లంచం ఇచ్చాడని జర్మనీలో ఎక్లెస్టన్ మీద కేసు నడిచింది. 2014లో మ్యూనిక్ కోర్టులో 10 కోట్ల డాలర్లు కట్టాక, దోషి అని గానీ కాదని గానీ తేల్చకుండా కేసు మూసేశారు. సరిగ్గా అదే ఏడాది చిన్న టీములు కాటర్‌హామ్, మరూసియా డబ్బు లేక అమెరికా రేసుకి రాలేకపోయాయి. కాటర్‌హామ్ వాళ్లు ఆఖరి రేసుకి జనం దగ్గర చందాలు పోగేసుకుని వచ్చారు. ఆటలో వందల కోట్లు తిరుగుతున్నాయి, ఆడేవాడు మాత్రం చందా అడుగుతున్నాడు. కంచే చేను మేయడం అంటే ఇదే.

కుర్రాళ్ల కోసం సోషల్ మీడియాలో ఏమన్నా చేస్తారా అని ఆ రోజుల్లోనే అడిగితే, కుర్రాళ్లు రోలెక్స్ వాచీలు కొనలేరు కదా, డబ్బున్న డెబ్బై ఏళ్ల పెద్దమనిషి చాలు నాకు అన్న అర్థంలో జవాబిచ్చాడు ఎక్లెస్టన్. నేను దీని గురించి చాలాసేపు ఆలోచించాను. జేబులో డబ్బు లేదు కాబట్టి నువ్వు లెక్కలోకి రావు అన్న మాట మనం వేరే వేరే చోట్ల వేరే వేరే భాషల్లో విన్నదే.

2017 జనవరిలో అమెరికాకి చెందిన లిబర్టీ మీడియా ఫార్ములా వన్‌ని కొనేసింది. అప్పులతో కలిపి విలువ 800 కోట్ల డాలర్లు. ఎక్లెస్టన్‌ని గౌరవ పదవిలో కూర్చోబెట్టి, చేజ్ కేరీకి పగ్గాలు ఇచ్చారు. కొత్తవాళ్లు చేసిన మొదటి పని తలుపులు తీయడం. టీములు, డ్రైవర్లు వీడియోలు పెట్టుకోవచ్చన్నారు. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చింది. ఎవరు గెలిచారన్నది కాదు, ఆఖర్న వచ్చినవాడి బాధ ఏంటన్నది చూపించారు. అందుకే మా హాస్టల్ రూమ్‌దాకా వచ్చింది అది. 2020లో పది టీములతో కొత్త కాంకోర్డ్ ఒప్పందం రాసుకుని, డబ్బు పంపకంలో తేడా కొంత తగ్గించారు. 2021 నుంచి ఏ టీమైనా ఏడాదికి ఇంతకన్నా ఖర్చు పెట్టకూడదని హద్దు పెట్టారు, మొదట 14.5 కోట్ల డాలర్లు. ధనవంతుడి టీము ఎప్పుడూ గెలవడం, పేద టీము మూతపడడం ఆగాలని ఆ హద్దు. 2017లో ఫార్ములా వన్ ఆదాయం సుమారు 178 కోట్ల డాలర్లు, 2023లో సుమారు 322 కోట్లు. అందులో టీములకి వెళ్లింది 120 కోట్లకు పైగా.

అలాగని ఇప్పుడంతా బంగారం అనుకోవద్దు. 1950లో 7 రేసులు ఉంటే 2024లో 24. మెకానిక్కులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగానే. కొత్త టీము రావాలంటే పాత టీములకి నష్టపరిహారంగా 20 కోట్ల డాలర్లు కట్టాలని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. ఆండ్రెట్టి వాళ్లు వస్తామంటే 2024 జనవరిలో వద్దన్నారు. తర్వాత జనరల్ మోటార్స్ ముందుకొచ్చి కాడిలాక్ పేరుతో అడిగితే 2026కి ఒప్పుకున్నారు. ఒకప్పుడు గేటు బయట నిలబడ్డవాళ్లే లోపలికి వచ్చాక గొళ్లెం పెట్టుకున్నారు. ఇది కూడా గుర్తు పెట్టుకోవాల్సిన విషయమే మనకి. రిజర్వేషన్ మీద ముందు చదువుకున్న అన్నలు కొందరు ఇప్పుడు ఊరి ఫోన్ ఎత్తరు, అది మీకూ తెలుసు.

ఈ బేరం మన దేశానికీ వచ్చింది. 2011 నుంచి 2013 దాకా ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మూడు రేసులు జరిగాయి, మూడూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. సర్క్యూట్ కట్టింది జేపీ గ్రూపు. రేసు పెట్టుకోవడానికి ఫార్ములా వన్ కంపెనీకి కట్టాల్సింది 4 కోట్ల డాలర్లు. ఆ ఒప్పందం రాసుకున్న రోజే ప్రకటనల హక్కులు, అతిథుల గ్యాలరీ హక్కులు తిరిగి ఫార్ములా వన్ అనుబంధ కంపెనీలకే రాసిచ్చేశారు. సర్క్యూట్ కట్టినవాడికి మిగిలింది ముఖ్యంగా టికెట్ల డబ్బు. పన్నుల గొడవతో రేసు ఆగిపోయింది. ఇక్కడ మాకు ఆఫీసు లేదు, ఉన్నది మూడు రోజులే, పన్ను ఎందుకు కట్టాలి అని ఆ కంపెనీ వాదించింది. 2017 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు, ఆ రోజుల్లో సర్క్యూట్ మీద పెత్తనమంతా మీదే కాబట్టి అది మీ స్థావరమే, పన్ను కట్టాల్సిందే అని తీర్పు ఇచ్చింది. పేరు ఎవరిదని కాదు, పెత్తనం ఎవరిదని చూసింది కోర్టు. ఈ తీర్పు గురించి చదివిన రోజు నేను కామర్స్ తీసుకున్నందుకు సంతోషపడ్డాను.

మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ చుట్టూ జరిగింది ఫార్ములా వన్ కాదు, కరెంటు కార్ల ఫార్ములా ఈ. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన రెండోది రద్దయింది. ఒప్పందం ఎవరు ఎవరితో రాసుకున్నారు, డబ్బు ఎవరు కట్టాలి అన్నదాని మీదే ఆ గొడవంతా. రేసు ఒక్కరోజు ముచ్చట, కాగితం మాత్రం తర్వాత కూడా మాట్లాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు నేను ఇదంతా ఎందుకు తవ్వానో చెప్తాను. మా పంచాయతీలో నాలుగు ఊళ్ల వాళ్లు ఈసారి పసుపు విడిగా సంతకి మొయ్యకుండా కలిపి అమ్ముదాం అనుకున్నారు. మంచి మాట. ఇది విని కింద నుంచి ఒకాయన వచ్చాడు. మీ అందరి తరఫున నేనే మాట్లాడతా, లారీ నేనే పెడతా, మీరు వేలిముద్ర వేస్తే చాలు అన్నాడు. స్టాంపు పేపరు కూడా తెచ్చాడు. సెలవులకి వెళ్తే మా చిన్నాన్న ఆ కాగితం జిరాక్సు నా చేతిలో పెట్టి, "అయ్యా, నువ్వు సదువుకున్నావు కదా, ఇది సదివి సెప్పు. ఊరోళ్లందరూ నీ కోసమే ఆగారు" అన్నాడు.

రచ్చబండ దగ్గర అందరూ కూర్చున్నాక గట్టిగా చదివాను. గడువు పదేళ్లు. పసుపే కాదు, పండిన పంటంతా ఆయన ద్వారానే అమ్మాలి. లెక్క చూపించాలన్న మాట ఎక్కడా లేదు. ఆయన ఈ హక్కుని వేరే ఎవరికైనా బదిలీ చేసుకోవచ్చు. ఆ ఆఖరి ముక్క చదివినప్పుడు నాకు ఎక్లెస్టన్, సీవీసీ, లిబర్టీ వరసగా కళ్లముందు తిరిగారు. మా వాళ్లకి ఆ పేర్లు చెప్పలేదు. "ఇతను మంచోడే అనుకుందాం. రేపు ఇతను ఇంకొకడికి అమ్మేస్తే, ఆ వచ్చినోడి మొహం మనం చూశామా?" అన్నాను. మా అమ్మమ్మ అంది, "కోడిని అమ్మితే కోడే పోద్ది. దీంతో గూడు కూడా పోద్ది." అంతకన్నా బాగా మా లెక్చరర్ కూడా చెప్పలేడు.

ఊళ్లోవాళ్లు నాలుగు మార్పులు రాయించారు. గడువు ఒక్క పంటకే. పసుపు ఒక్కదానికే. లెక్క ప్రతి లారీకీ ఊళ్లో అందరి ముందు చదవాలి. హక్కు ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదు. కాగితం పట్టుకుని ఆయన ఆలోచించి చెప్తా అని వెళ్లాడు. ఇది రాసేనాటికి ఇంకా రాలేదు.

నాకు భయం లేదా అంటే ఉంది. పసుపు ఉడకబెట్టి ఆరబోసి ఉంది. ఆయన రాకపోతే మళ్లీ ఎవరి బుట్ట వాళ్లే మోసుకెళ్లాలి. అప్పుడు, సదువుకున్నోడు వచ్చి బేరం చెడగొట్టాడు అనే మాట కూడా నా మీదకి వస్తుంది. నా మెస్ బకాయి కూడా ఆ పసుపు డబ్బులోంచే కట్టాలి. అయినా పదేళ్ల కాగితం మీద మా నాన్న వేలిముద్ర పడనందుకు రాత్రి నిద్ర మాత్రం పడుతోంది.

ఎక్లెస్టన్ దొంగ అని నేను తీర్పు చెప్పట్లేదు. పన్ను విషయంలో మోసం చేశానని 2023లో ఇంగ్లండ్ కోర్టులో తనే ఒప్పుకుని 65 కోట్ల పౌండ్ల దాకా కట్టాడు, అది వేరే లెక్క. కానీ ఆయన రాకముందు ఆ టీములు విడివిడిగా ఓడిపోయేవి అన్నది కూడా నిజమే. కలవకపోతే సావుకారు తింటాడు. కలిసినా లెక్క అడగకపోతే కలిపినోడు తింటాడు. టీములు చేసిన పొరపాటు ఆయన్ని నమ్మడం కాదు, ఇంజన్ల పనిలో పడి కాగితాల పని పూర్తిగా ఆయనకి వదిలెయ్యడం. మన ఊళ్లలో ఇంజను పని అమ్మానాన్నలు చేస్తున్నారు. కాగితం పని చెయ్యడానికే కదా మనల్ని హాస్టళ్లకి పంపింది.

మీ ఊళ్లో జీడిపిక్కలు గానీ, కాఫీ గానీ, చింతపండు గానీ కలిపి అమ్ముతున్నవాళ్లు ఉంటే ఒప్పందం ఎలా రాసుకున్నారో, లెక్క ఎవరు చదువుతున్నారో ఇక్కడ రాయండి. మంచి కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే పేర్లు, నంబర్లు చెరిపేసి ఫొటో పెట్టండి. కింద నుంచి ఆయన వచ్చినా రాకపోయినా, ఈ నెలాఖరుకి మా ఊరికి ఒకటి కావాలి.

జోహార్.